కామెడీ షోలో గోల చేసేవాళ్లను ఎలా ఆపాలి?

షోకి ముందు పని తక్కువే. హాలు వెనక ఇద్దరు మనుషులు, ఒక చిన్న టార్చి ఉంటే చాలు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని, మధ్యలో మాట్లాడొద్దని హోస్ట్ చేత మైకులో చెప్పించండి. పుట్టినరోజు గుంపులను ముందు వరుసలో కాకుండా గోడ పక్కన కూర్చోబెట్టండి.

ఎవరో అరిచారని వెంటనే పరిగెత్తకండి. ఒక్క కేక సంగతి కమెడియన్ చూసుకుంటారు, మైకు వాళ్ల చేతిలోనే ఉంది. నన్నడిగితే, అరిచేవాడి కంటే గుసగుసలాడే టేబులే ప్రమాదం. ఆ గుసగుస చుట్టుపక్కల పదిమందికే వినిపిస్తుంది. వాళ్లు నవ్వడం మానేస్తారు, ఎందుకు నవ్వట్లేదో స్టేజీ మీదున్న మనిషికి అర్థం కాదు.

ఇక అందరూ చెడగొట్టేది హెచ్చరించే దగ్గరే. జోక్‌ మధ్యలో ఉండగా అసలు కదలకండి. పంచ్ పడి హాలంతా నవ్వుతున్నప్పుడు వంగి నడవండి. గోల చేసేవాడి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని చెవి దగ్గర చెప్పండి. నిలబడి చెబితే వెనకవాళ్లకు అడ్డం, పైగా అతనికి నలుగురిలో పరువు పోయినట్టుంటుంది. అలాంటివాడు గొంతు తగ్గించడు, పెంచుతాడు.

భుజం మీద చెయ్యి వేయొద్దు. "ష్" అనొద్దు, అది అతని మాటల కంటే దూరం పోతుంది. టార్చి నేల వైపే ఉండాలి. టైం అయిపోవస్తోందని కమెడియన్‌కి హాలు వెనక నుంచి లైటే చూపిస్తారు కదా, మీ టార్చి పైకి లేస్తే అదే అనుకుని ఉన్నపళంగా ముగించేయగలరు.

"మీ మాటలు అందరికీ వినిపిస్తున్నాయండీ, ఆపాలి. మళ్లీ అయితే బయటికి పంపాల్సి వస్తుంది." ఇంతే చెప్పి, జవాబు కోసం ఆగకుండా వచ్చేయండి. ఆగారంటే వాదన మొదలవుతుంది. అతను బాగా తాగి ఉంటే, ఆ గుంపులో తెలివిలో ఉన్నవాళ్లతో చెప్పండి.

మూడుసార్లు హెచ్చరించాలనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. వాళ్లు మూడు వరకు లెక్కపెట్టేలోపు పక్క టేబులువాళ్ల షో అయిపోతుంది. రెండోసారికి బయటికే.

పంపేటప్పుడు ఇద్దరు వెళ్లండి. "ఒక్క నిమిషం బయట మాట్లాడదాం రండి" అని మాత్రం అనండి. కారణం, బిల్లు, గొడవ అన్నీ తలుపు అవతలే. ఆ తలుపును చేత్తో పట్టుకుని మెల్లగా మూయండి. మనిషిని చప్పుడు లేకుండా తీసుకెళ్లి, తలుపును ధడాలున వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను.