పిల్లిని ఒళ్లు తడిమి, దువ్వి, శుభ్రం చేయడం ఎలా?

విజయనగరంలో వానలు మొదలయ్యాయంటే మా మల్లికి కష్టకాలమే. మల్లి పర్షియన్ జాతి కలిసిన తెల్ల పిల్లి. నాలుగు రోజులు దువ్వకపోతే చాలు, చంకల్లో, చెవుల వెనక, తొడల లోపలి వైపు దాని బొచ్చు ఉండలు కట్టేస్తుంది. రెండేళ్ల కిందట అలాంటి ఉండని కత్తెరతో తీయబోయి నేను దాని చర్మం కోసేశాను. పిల్లి చర్మం చాలా పల్చన. ఉండని పైకి లాగితే చర్మం కూడా దానితోపాటే లేస్తుంది, ఎక్కడిదాకా బొచ్చో ఎక్కడినుంచి చర్మమో కంటికి తెలియదు. మూడు కుట్లు పడ్డాయి. కాబట్టి అన్నిటికంటే ముందు ఈ మాట: ఉండల దగ్గరికి కత్తెర తీసుకెళ్లకండి.

తర్వాత విశాఖలో ఒక గ్రూమర్ (పెంపుడు జంతువుల్ని దువ్వి శుభ్రం చేసేవారు) దగ్గర కూర్చుని పని చూశాను. మొదటి పది నిమిషాలు ఆవిడ దువ్వెన ముట్టుకోలేదు, చేతులతోనే ఒళ్లంతా తడిమి చూశారు. నొప్పి పుడితే పిల్లి మనకి చెప్పదు, దాచుకుంటుంది. అందుకే ఈ తడమడమే అసలు పని అని నాకు అప్పుడు అర్థమైంది.

మొదట చేతులతో

పిల్లి తిని, కాసేపు ఆడుకుని, మత్తుగా పడుకున్న వేళ చూసుకోండి. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కోటదాకా తిరిగే రోజు, దీపావళి టపాసులు పేలే రోజు ఈ పని పెట్టుకోవద్దు. తలుపులు వేసి, టేబుల్ మీద పాత తువ్వాలు పరవండి. కాళ్లు జారుతుంటే పిల్లి భయపడుతుంది. మెడ వెనక చర్మం పట్టుకుని ఎత్తకండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద ఉండాలి.

గడ్డం నుంచి తోకదాకా మెల్లగా తడమండి. గడ్డ, పుండు, ముట్టుకుంటే ఉలిక్కిపడే చోటు ఉన్నాయేమో చూడండి. చెవిలో కాఫీపొడి లాంటి నల్ల మురికి ఉంటే చెవి పురుగులు ఉండొచ్చు. బొచ్చు గుండ్రంగా రాలి పొట్టు లేస్తుంటే తామర కావచ్చు. అది మనుషులకీ అంటుకుంటుంది కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఆలస్యం వద్దు, డాక్టరుకి చూపించండి. తోక మొదట్లో మిరియాలపొడి లాంటి నలుసులు కనిపిస్తే తడిపిన తెల్ల కాగితం మీద దులపండి. ఎర్రగా కరిగితే ఫ్లీలు, అంటే బొచ్చులో దాగి రక్తం తాగే చిన్న పురుగులు, ఉన్నట్టే. అవి తాగి విసర్జించిన పిల్లి రక్తమే ఆ ఎరుపు.

ఫ్లీలు కనిపించగానే కుక్క కోసం తెచ్చిన మందు తీసి రాసేయకండి. కుక్కల పిడుదుల మందులు కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కలు దాన్ని తట్టుకుంటాయి, పిల్లులు తట్టుకోలేవు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. మా అమ్మ మొదట్లో కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాద్దామంది, వాళ్ల ఊళ్లో పశువులకి అలాగే రాసేవారట. “అది నాకేస్తుందమ్మా” అన్నాక ఆగింది. పిల్లి ఒంటికి ఏది రాసినా కడుపులోకే వెళ్తుంది. కర్పూరం, కలరా ఉండలు, ఘాటు వాసన నూనెలు ఏవీ వద్దు.

తర్వాత దువ్వెన

పళ్లు ఎడంగా ఉన్న స్టీలు దువ్వెన చాలు. బొచ్చు వాలిన వైపే దువ్వండి. ఉండ తగిలితే దాని మొదలుని, చర్మానికి దగ్గరగా, రెండు వేళ్లతో గట్టిగా పట్టుకోండి. అప్పుడు మీరు లాగే లాగుడు చర్మందాకా పోదు. చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, ఉండని వేళ్లతోనే పాయలుగా విడదీసి, చివర్ల నుంచి కొద్దికొద్దిగా దువ్వుకుంటూ రండి. మల్లికి ఒక ఉండ విప్పడానికి నాకు మూడు పూటలు పట్టిన రోజులున్నాయి. అట్టకట్టి చర్మానికి అంటుకుపోయిన ఉండల్ని డాక్టరే మెషీన్‌తో తీయాలి. మత్తు అవసరమైతే అది ఇవ్వాల్సింది కూడా ఆయనే.

తోక కొస టపటపా కొట్టుకున్నా, చెవులు వెనక్కి వాలినా, వీపు మీద చర్మం అదిరినా ఆపేయండి. మిగతాది రేపు. నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే వదిలేసి చల్లటి చోట ఉంచండి, కొద్ది నిమిషాల్లో తేరుకోకపోతే ఆసుపత్రికి పరిగెత్తండి. పొట్టి బొచ్చు పిల్లికి వారానికొకసారి చాలు, పొడుగు బొచ్చుకి రోజూ ఐదు నిమిషాలు కావాలి.

గోళ్లు

మామూలుగా 18 ఉంటాయి, ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి. వేలు మెత్తగా నొక్కితే గోరు బయటికొస్తుంది. లోపల గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం. దానికి దూరంగా, వంపు తిరిగిన కొస మాత్రమే కత్తిరించండి. పొరపాటున రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కిపట్టండి. రెండు మూడు వారాలకొకసారి, రోజుకి ఒక కాలు చొప్పున చేసినా తప్పులేదు. ముసలి పిల్లుల గోళ్లు అరగక వంకర తిరిగి అరికాలిలోకి దిగిపోతాయి, వాటిని ఇంకా తరచుగా చూడాలి.

స్నానం

ఆరోగ్యంగా ఉన్న పొట్టి బొచ్చు పిల్లికి స్నానం దాదాపు అక్కర్లేదు. ఒంటికి నూనో, మురికో అంటుకుంటే తప్పదు. ముందు దువ్వాకే నీళ్లు పోయండి, తడిస్తే ఉండలు ఇంకా బిగుస్తాయి. గోరువెచ్చని నీళ్లు, పిల్లుల షాంపూ వాడండి. ముఖం మీద పోయకుండా తడిగుడ్డతో తుడవండి. నురగ మిగలకుండా కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. బొచ్చు మొదళ్లదాకా ఆరాలి.

పార్లర్‌కి తీసుకెళ్తే

విజయనగరం నుంచి విశాఖ దాదాపు 60 కిలోమీటర్లు. బుట్ట మీద పల్చటి గుడ్డ కప్పితే పిల్లికి టెన్షన్ తగ్గుతుంది. ఫోన్‌లోనే అడగండి: కుక్కలకీ పిల్లులకీ వేరే గదులున్నాయా? టీకా కార్డు చూస్తారా? పక్కన నన్ను నిలబడనిస్తారా? టీకా అడగని చోటికి నేను వెళ్లను. మత్తు మందు మేమే ఇస్తామంటే అక్కడినుంచి వచ్చేయండి.

ఎప్పుడూ ఒళ్లు నాక్కుని నీట్‌గా ఉండే పిల్లి ఉన్నట్టుండి మానేసి, వీపు మీద బొచ్చు జిడ్డుగా అట్టకడితే దువ్వెన పక్కన పెట్టండి. పంటి నొప్పో, కీళ్ల నొప్పో, మరేదైనా జబ్బో ఉండొచ్చు, పశువైద్యుడికి చూపించాలి. తిండి కూడా మానేసి ఒక రోజు గడిచిందంటే ఇంకో రోజు చూద్దామని ఆగకండి. తిండి లేకపోతే పిల్లి కాలేయం త్వరగా దెబ్బతింటుంది.