టేబుల్ దానంతట అదే గుంజుకుపోయిన రోజు

కొత్త మిల్లింగ్ మెషిన్ మీద మొదటి నెలలోనే రెండు ఎండ్ మిల్లులు (తిరుగుతూ లోహాన్ని కోసే కట్టర్లు) విరిగాయి. రెండోసారి అల్యూమినియం ముక్క అంచున 1 మి.మీ. మాత్రమే తీస్తున్నాను. ఉన్నట్టుండి ముక్కను బిగించిన టేబుల్ ముందుకు గుంజుకుపోయింది. టక్‌మని శబ్దం. 6 మి.మీ. కట్టర్ కొస ముక్కలోనే ఇరుక్కుపోయింది.

మెషిన్‌లో బలం లేదేమో అనుకున్నాను. టేబుల్ కదలికను ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి హ్యాండిల్‌ని వెనక్కి తిప్పి చూస్తే, దాదాపు 0.3 మి.మీ. తిప్పేవరకు ముల్లు కదలనే లేదు. టేబుల్‌ని కదిపే లీడ్ స్క్రూకీ, దాని నట్‌కీ మధ్య అంత ఖాళీ ఉంది. నేను కట్టర్ పళ్లు తిరిగే వైపుకే ముక్కను నెడుతున్నాను. దాంతో ఆ ఖాళీ మేరకు కట్టర్ టేబుల్‌ని ఒక్కసారిగా లాగేసుకుంది.

ఇప్పుడు పళ్లకు ఎదురుగానే ముక్కను నడుపుతున్నాను. టేబుల్ జారే దారిలో వదులు తగ్గించే గిబ్ స్క్రూలు కొంచెం బిగించి, ఆ కోతకి కదపాల్సిన పనిలేని యాక్సిస్ (టేబుల్ కదిలే దిశ)‌ని లాక్ చేస్తున్నాను. తేడా చేతికే తెలుస్తోంది, హ్యాండిల్‌లో ఆ వణుకు పోయింది.

అన్నట్టు, మొదట్లో కట్టర్‌ని డ్రిల్ చక్‌లో బిగించేవాణ్ణి. గాడి పోనుపోను లోతవుతుంటే, కట్టర్ కిందికి జారుతోందని ఆలస్యంగా అర్థమైంది. కట్టర్ కాడను చుట్టూ గట్టిగా పట్టుకునే కోలెట్ మాత్రం దయచేసి మెషిన్‌తోపాటే కొనండి. అది వచ్చాక తీసిన మొదటి గాడి రెండు కొసల్లోనూ సరిగ్గా 2 మి.మీ. లోతు చూపించింది.