అఫెన్సివ్ లైన్‌లో ‘ఎక్కడైనా ఆడే’ కుర్రాణ్ని డ్రాఫ్ట్‌కి ముందు అంచనా వేయడం ఎలా?

ఏప్రిల్ దగ్గర పడేసరికి ప్రతి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మాక్ డ్రాఫ్ట్‌లోనూ, అంటే ఏ జట్టు ఏ కాలేజీ కుర్రాణ్ని తీసుకుంటుందో ఊహించి వేసే జాబితాలో, ఎవరో ఒక లైన్‌మన్ పేరు పక్కన ఈ మాట కనిపిస్తుంది: “ఐదు స్థానాల్లో ఎక్కడైనా ఆడతాడు.” ఆ ఐదూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డుగోడగా నిలిచే అఫెన్సివ్ లైన్‌లోవి: నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. రాసినవాళ్లలో చాలామంది చూసింది ఆ కుర్రాడి కాలేజీ బయోడేటా మాత్రమే. ఎక్కడెక్కడ నిలబెట్టారన్నది వేరు, అక్కడ నిలదొక్కుకున్నాడా అన్నది వేరు. బ్యాటూ బంతీ రెండూ పట్టుకున్నవాడల్లా ఆల్‌రౌండర్ అయిపోడు కదా! ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఏదో ఒక స్థానంలో స్టార్టర్‌గా (మొదటి నుంచీ ఆడేవాడిగా) సరిపోతాడా? దానికి జవాబు లేకుండా మిగతా నాలుగూ లెక్కపెట్టడం దండగ.

ఇలాంటి ఆటగాళ్లకి గిరాకీ ఎందుకంటే, నిబంధనలు అలా ఉన్నాయి. జట్టులో 53 మంది ఉన్నా మ్యాచ్ రోజు అందరూ దిగరు. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన 2020 ఒప్పందం ప్రకారం అఫెన్సివ్ లైన్‌మెన్ కనీసం 8 మంది ఉంటే 48 మందిని దించుకోవచ్చు, లేదంటే 47 మందితోనే సరి. ఐదుగురు స్టార్టర్లు పోగా మిగిలేది ముగ్గురు. ఐదు స్థానాలకీ కాపు కాయాల్సింది ఆ ముగ్గురే.

కావలసినవి

నాలుగు పూర్తి మ్యాచ్‌ల ఆల్-22 ఫిల్మ్ (మైదానంలోని 22 మందీ కనిపించే వీడియో), ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ జరపగల ప్లేయర్, ఒక స్ప్రెడ్‌షీట్. అంతే. టీవీ ప్రసారం పనికిరాదు. కెమెరా బంతి వెంట పోతుంది, లైన్‌మన్ పాదాలు ఫ్రేమ్‌లోనే ఉండవు. ఎండ్ జోన్ వైపు నుంచి తీసిన కోణం తప్పనిసరి. మ్యాచ్‌ల్లో రెండు గట్టి ప్రత్యర్థులతో ఆడినవి, ఒకటి ఓడిపోయింది, ఒకటి సీజన్ చివర్లోది ఉండాలి. హైలైట్ రీల్ అసలు తెరవకండి. అవతలివాణ్ని మట్టి కరిపించిన ఎనిమిది ప్లేలు వరసగా చూశాక ఏ కుర్రాడైనా గొప్పగానే కనిపిస్తాడు.

కొలతలు

ఇండియానాపొలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని కొలిచి పరీక్షించే శిబిరంలో) తీసిన అంకెలే రాసుకోండి. అక్కడ అందరినీ ఒకే పద్ధతిలో కొలుస్తారు. ఎల్‌ఎస్‌యూ టాకిల్ విల్ క్యాంప్‌బెల్ చేతులు 2025 కంబైన్‌లో 32 5/8 అంగుళాలు, తర్వాత సొంత కాలేజీ పెట్టిన పరీక్షల రోజు, ప్రో డేలో 33. చేతులు పెరగలేదు, టేపు మారింది.

చేతులు 34 అంగుళాలు దాటితే టాకిల్‌గా చూడటానికి అభ్యంతరం లేదు. 33కీ 34కీ మధ్యనుంటే ఫిల్మ్ చెప్పాలి. 33 లోపైతే ఫిల్మ్ కాదని రుజువు చేసేదాకా గార్డ్ అనే రాసుకోండి. పీటర్ స్కొరాన్‌స్కీ నార్త్‌వెస్టర్న్‌లో లెఫ్ట్ టాకిల్, చేతులు 32 1/4. 2023 డ్రాఫ్ట్‌లో 11వ పిక్‌గా (ఎంపికగా) తీసుకున్న టైటన్స్ అతన్ని లెఫ్ట్ గార్డ్‌గా పెట్టింది. క్యాంప్‌బెల్‌ని మాత్రం ప్యాట్రియట్స్ 4వ పిక్‌తో టాకిల్‌గానే తీసుకుంది. కాబట్టి ఇది గీటురాయి కాదు, మొదటి జల్లెడ.

40 గజాల పరుగు చూసి ముచ్చటపడకండి. లైన్‌మన్ అంత దూరం పరిగెత్తాడంటే బహుశా మన బంతి అవతలివాళ్ల చేతికి చిక్కి ఉంటుంది. అందులో మొదటి 10 గజాలే చూడండి, 1.80 సెకన్ల లోపుంటే చాలు. బెంచ్ ప్రెస్ అంకెని పట్టించుకోనక్కర్లేదు, పొడుగు చేతులవాడికి అందులో ఎప్పుడూ నష్టమే.

టాకిల్ ఫిల్మ్‌లో గార్డ్‌ని వెతకడం

తప్పులన్నీ జరిగేది ఇక్కడే.

కాలేజీల్లో ఉన్నవాళ్లలో మంచివాణ్ని తీసుకెళ్లి లెఫ్ట్ టాకిల్‌గా నిలబెడతారు. అందుకే రేపు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గార్డ్ కాబోయేవాడి ఫిల్మ్ కూడా చాలాసార్లు టాకిల్ ఫిల్మే అయి ఉంటుంది. జాక్ మార్టిన్ నోటర్ డామ్‌లో లెఫ్ట్ టాకిల్. 2014లో 16వ పిక్‌తో తీసుకున్న కౌబాయ్స్ రైట్ గార్డ్‌గా దించితే ఏటా మేటి ఆటగాళ్లని ఎంచే ప్రో బౌల్‌కి 9 సార్లు ఎంపికయ్యాడు. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో ఇప్పుడు మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఈ పేరు పరిచయం చేయక్కర్లేదు. అయోవా లెఫ్ట్ టాకిల్ బ్రాండన్ షెర్ఫ్‌ది కూడా ఇదే దారి: 2015లో 5వ పిక్, వాషింగ్టన్‌లో రైట్ గార్డ్. ఈ రెండు పేర్లూ పట్టుకుని “టాకిల్‌గా తేలిపోతే లోపలికి జరిపేద్దాం” అంటుంటారు. కొంప మునిగేది ఆ మాటతోనే. వీళ్లిద్దరూ టాకిల్‌గా బాగా ఆడి లోపలికి వచ్చినవాళ్లు, ఓడిపోయి వచ్చినవాళ్లు కారు.

టాకిల్‌కి కాస్త సమయం ఉంటుంది. ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకి దూకే డిఫెండర్) దూరం నుంచి చుట్టి వస్తాడు, ఈలోపు రెండు అడుగులు వెనక్కి వేసుకోవచ్చు. గార్డ్‌కి ఆ వెసులుబాటు లేదు. అతని బయటి భుజం మీదే నిలబడే త్రీ-టెక్నిక్ డిఫెండర్ స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించడం) పడీ పడగానే మీద పడతాడు, రెండో అడుగు నేలకి ఆనకముందే చేతులు తగులుతాయి. బయట మొదటి అడుగు ఆలస్యమయ్యేవాడు లోపల ఇంకా ఆలస్యమవుతాడు. లోపలికి జరిపితే దాచగలిగేది పొట్టి చేతుల్ని. మందకొడి పాదాల్ని కాదు.

కాబట్టి అతని టాకిల్ స్నాప్‌లన్నిటికీ మార్కులు వేయకండి. గార్డ్ పనిని పోలినవాటినే ఏరండి. ముందు చెత్త తీసేయాలి: స్క్రీన్‌లు (లైన్ దగ్గరే అందించే చిన్న పాస్‌లు), ప్లే యాక్షన్ (పరుగు నటించి విసిరేవి), బంతి రెండు సెకన్లలోపే వెళ్లిపోయిన త్రోలు, క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తినవి, టైట్ ఎండో రన్నింగ్ బ్యాకో వచ్చి భుజం ఆసరా ఇచ్చినవి. 70 స్నాప్‌ల మ్యాచ్‌లో ఒక్కోసారి అసలైన పాస్ సెట్‌లు (పాస్ కోసం రషర్‌ని ఒంటరిగా ఆపిన స్నాప్‌లు) పదిహేనో ఇరవయ్యో మిగులుతాయి. కంగారు పడకండి, కావలసినవి అవే. వాటిలో నాలుగు రకాలు విడిగా రాసుకోండి. డిఫెండర్ టాకిల్ లోపలి భుజం మీద నిలబడిన 4ఐ స్నాప్‌లు మొదటివి. గార్డ్ పనికి ఇంతకంటే దగ్గరగా మరేదీ రాదు. తర్వాత నేరుగా ఛాతీ మీదకి వచ్చే బుల్ రష్. మూడోది బయటికి వెళ్తున్నట్టు నటించి లోపలికి కోసే ఎదురుదెబ్బ. నాలుగోది స్టంట్, అంటే ఇద్దరు డిఫెండర్లు దారులు మార్చుకుని రావడం. పరుగు ప్లేలలో అయితే పక్కనున్న గార్డ్‌తో కలిసి చేసే డబుల్ టీమ్, అక్కడి నుంచి లైన్‌బ్యాకర్ (రెండో వరస డిఫెండర్) మీదకి విడిపోయి వెళ్లడం చూస్తే చాలు.

ఇప్పుడు బుల్ రష్ స్నాప్ ఒకటి తీసుకుని చేతులు తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపండి. మడమలు నేల మీద ఉన్నాయా? వంగింది మోకాళ్లా, నడుమా? నడుము వంచేవాడి తల ముందుకి వాలుతుంది, పిరుదులు పైకి లేస్తాయి. ఒక్క గుంజుకి బోర్లా పడతాడు. ఎవరి చేతులు లోపల ఉన్నాయో కూడా అదే ఫ్రేమ్‌లో తెలుస్తుంది. అక్కడి నుంచి నెమ్మదిగా ముందుకు జరపండి. మంచివాడు కూడా వెనక్కి జరుగుతాడు, అది తప్పు కాదు. కానీ రెండు పాదాలూ కలిపి చిన్న గెంతు వేసి, తుంటి కిందికి దించి, ఆగుతాడు. ఒక గెంతు, మహా అయితే రెండు. గెంతకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ పోయేవాడు ఆగడు.

ఎన్ని గజాలు కోల్పోయాడో ప్రతిసారీ రాయండి. షాట్‌గన్ అమరికలో క్వార్టర్‌బ్యాక్ సుమారు 5 గజాల వెనక నిలబడి 7 గజాల దాకా వెళ్తాడు. టాకిల్ నాలుగు గజాలు వెనక్కి పోయినా రషర్‌ని పక్కకి తిప్పి క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దాటిస్తే బంతి వెళ్లిపోతుంది. గార్డ్ నెట్టుడు పడేది నడిమధ్యలో. మూడు గజాలు పోయాయంటే క్వార్టర్‌బ్యాక్‌కి ముందుకు అడుగు వేసే చోటే ఉండదు. టాకిల్‌గా నెగ్గినట్టు రాసుకున్న స్నాప్ ఎన్నోసార్లు గార్డ్‌గా ఓడిపోయిన స్నాప్ అవుతుంది. అందుకే రెండు మార్కులు వేయండి, టాకిల్‌గా ఒకటి, గార్డ్‌గా ఒకటి. ఒకే గడిలో రెండూ కలిపితే ఇంత పనీ వృథా.

స్టంట్‌లో భుజాలు చూడండి. లోపలి డిఫెండర్ బయటికి దూసుకొస్తాడు, ఎడ్జ్ రషర్ అతని వెనక నుంచి లోపలికి తిరుగుతాడు. భుజాలు స్క్రిమేజ్ లైన్‌కి (ప్లే మొదలయ్యే గీతకి) సమాంతరంగా ఉంచుకుని, వెళ్లేవాణ్ని గార్డ్‌కి అప్పగించి, వచ్చేవాణ్ని అందుకుంటే సరే. తనవాడి వెంట లోపలికి పరిగెత్తాడంటే, లోపల ఇవి రోజంతా వస్తుంటాయి, తట్టుకోలేడు.

శాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) పడలేదు కాబట్టి గెలిచాడని రాసే లెక్కలు బోలెడు కనిపిస్తాయి. శాక్ పడకపోవడానికి క్వార్టర్‌బ్యాక్ తొందరపాటు కూడా కారణం కావచ్చు. ఫలితానికి కాదు, పాదాలకి మార్కులు వేయండి.

సెంటర్

స్నాప్ చేసిన ఫిల్మ్ లేకపోతే సెంటర్ అని రాయకండి. గట్టి నియమమే, కానీ అవసరం. ఒక చేత్తో బంతి వెనక్కి వేస్తూ రెండో చేత్తో ఎదురుగా ఉన్న డిఫెండర్, నోస్ టాకిల్‌ని అదే క్షణంలో ఆపడం ఊహించి చెప్పే విద్య కాదు. షాట్‌గన్ స్నాప్ క్వార్టర్‌బ్యాక్ నడుముకీ ఛాతీకీ మధ్య చేరాలి. పైకో పక్కకో పోయినవన్నీ లెక్కపెట్టండి, పట్టుకున్నా సరే. మైక్ (మధ్య) లైన్‌బ్యాకర్ ఎవరో చూపించేది, ప్రొటెక్షన్ ఎటు తిరగాలో చెప్పేది ఎవరో కూడా గమనించండి. గ్రాహమ్ బార్టన్ డ్యూక్‌లో మూడేళ్లు లెఫ్ట్ టాకిల్, కానీ మొదటి ఏడాది సెంటర్‌గా ఆడిన ఫిల్మ్ ఉంది. 2024లో బకనీర్స్ 26వ పిక్‌తో తీసుకుని సెంటర్‌గా నిలబెట్టింది.

ఎడమ నుంచి కుడికి

ఇది తేలికని అందరూ అనుకుంటారు, కాదు. వెనక్కి జరిగే పాదం, తోసే పాదం, ముందు తగలాల్సిన చెయ్యి, అన్నీ తారుమారవుతాయి. పెనె సూవల్ ఒరెగన్‌లో లెఫ్ట్ టాకిల్. 2021లో లయన్స్ కుడివైపు పెడితే ప్రీ-సీజన్‌లో తడబడ్డాడు, తర్వాత అదే స్థానంలో ఆల్-ప్రో (సీజన్ ఉత్తమ జట్టు) ఆటగాడయ్యాడు. ట్రిస్టన్ వర్ఫ్స్ 2023లో కుడి నుంచి ఎడమకి మారి నెగ్గాడు. వీళ్లు అరుదైన దేహాలు. మామూలువాడికైతే రెండో వైపు ఆడిన ఫిల్మ్ ఉంటేనే మార్కు వేయండి.

లేకపోతే అలబామాలోని మొబైల్ నగరంలో జరిగే సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కి ముందు కాలేజీ ఆటగాళ్ల మ్యాచ్) ప్రాక్టీసులు చూడండి, అక్కడ కొత్త స్థానాల్లో ప్రయత్నిస్తారు. ఒకరితో ఒకరు తలపడే డ్రిల్‌లో గెలుపోటములు లెక్కపెట్టొద్దు. ఆసరాకి ఎవరూ ఉండరు కనక రషర్‌దే పైచేయి. మొదటి రోజు చేసిన పొరపాటు మూడో రోజుకి తగ్గిందా, అదొక్కటే చూడాలి.

రిపోర్టు

మూడు గడులు చాలు: స్టార్టర్ స్థానం, బ్యాకప్ స్థానం, ఆపద్ధర్మ స్థానం. మొదటి గడి ఖాళీగా ఉంటే మిగతావి ఎంత నిండినా నాలుగో రౌండ్‌కి ముందు తీసుకోకూడదు. మొదటి గడి నిండి రెండోది కూడా గట్టిగా ఉంటే అర రౌండ్ పైకి జరపండి, అంతకంటే వద్దు.

మూడో గడికి విలువ ఇవ్వకపోవడానికి కారణం ఉంది. స్టార్టర్‌ని కదిపితే రెండు చోట్ల బలహీనపడతాం. జో తూనీ అప్పట్లో చీఫ్స్‌కి ఆల్-ప్రో లెఫ్ట్ గార్డ్. 2024 సీజన్ చివర్లో గత్యంతరం లేక అతన్ని లెఫ్ట్ టాకిల్‌కి జరిపారు, గార్డ్‌గా బ్యాకప్ వచ్చాడు. ఆ సీజన్ ఫైనల్, సూపర్ బౌల్‌లో ఈగిల్స్ 40-22తో గెలిచింది, చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ 6 శాక్‌లు తిన్నాడు. తప్పంతా తూనీది కాదు, కానీ ఎవరి చోట వాళ్లున్న లైన్ కాదది. అందుకే మూడో గడిలో స్థానం పేరు పక్కన, అతను అక్కడికి వెళ్తే అతని అసలు స్థానంలో ఎవరు దిగుతారో కూడా రాయండి. ఆ పేరు దొరక్కపోతే గడి కొట్టేయండి.