కొల్లేరు చుట్టూ సైకిల్‌పై బయలుదేరే ముందు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారి కొల్లేరు మీదుగానే సాగుతుంది కనుక, బుడమేరు, తమ్మిలేరు పొంగే వానాకాలంలో అది మునిగిందో లేదో ముందుగానే స్థానికులను అడిగి తెలుసుకోవాలి. పారే నీరు ఎంత లోతు తక్కువగా కనిపించినా అందులోకి సైకిల్‌ను దింపకూడదు. వలస పక్షులు వచ్చే శీతాకాలం ప్రయాణానికి అనువైనదే గాని, తెల్లవారుజామున పొగమంచు కమ్ముకున్నప్పుడు ముందూ వెనుకా దీపాలు లేకుండా కదలకూడదు. మంచు విడేదాకా ఆగడం ఇంకా మేలు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త చేపల లారీల విషయంలో అవసరం. వాటి నుంచి కారే ఐసు నీటితో రోడ్డు జారుడుగా మారుతుంది కాబట్టి, మలుపులకు ముందే వేగం తగ్గించుకోవాలి. బ్రేకును ఒక్కసారిగా నొక్కకూడదు. చేపల చెరువుల గట్లు దగ్గరి దారులుగా కనిపించినా, వాన పడ్డాక అక్కడి నల్లమట్టి చక్రాలకు పట్టేసి ముందుకు కదలనివ్వదు. పైగా ఆ గట్లపైకి వెళ్లేముందు చెరువు యజమానిని అడగడం మర్యాద.

అదనపు ట్యూబు, గాలిపంపు, పంక్చరు సామగ్రి వెంట ఉండాలి. చుట్టూ నీరే ఉన్నా అది తాగడానికి పనికిరాదు కనుక, మంచినీళ్లు ఇంటి నుంచే నింపుకోవాలి. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర బెల్లు మోగించకుండా, సైకిల్ దిగి నడవాలి.