ఫ్యాన్ ఫిక్షన్‌లోకి సొంత పాత్రను దించే ముందు

ఫ్యాన్ ఫిక్షన్ అంటే ఇష్టమైన సిరీస్ మీద అభిమానులు సొంతంగా రాసుకునే కథలు. అలా ఆ సిరీస్ లోకంలోకి మన సొంత పాత్రను పంపాలంటే, ముందు అక్కడ దానికో ఉద్యోగం చూడండి. కళ్ల రంగు, జడ పొడుగు తర్వాత తేల్చుకోవచ్చు. అంతరిక్ష ప్రయాణాల సిరీస్ స్టార్ ట్రెక్ నౌకలో అయితే కెప్టెన్ మనసు దోచే అమ్మాయి కంటే, రాత్రి షిఫ్టులో ఇంజిన్ గదిలో రిపేర్లు చేసే మనిషి ఎక్కువ పనికొస్తుంది. ఆ రిపేర్ల మనిషికో పై అధికారి ఉంటాడు, పడని సహోద్యోగి ఉంటాడు, సగంలో ఆగిన పని ఉంటుంది. సీన్లు వాటంతటవే పుడతాయి.

అన్నీ వచ్చిన, అందరూ మెచ్చే పాత్రను ‘మేరీ స్యూ’ అంటారు. 1973లో పౌలా స్మిత్ అనే అభిమాని ఈ ధోరణిని వెక్కిరిస్తూ రాసిన స్టార్ ట్రెక్ పేరడీలోని పిల్ల పేరది. వయసు పదిహేనున్నరేళ్లు, అప్పటికే లెఫ్టినెంట్! సరదాకి రాసుకునేటప్పుడు కాస్త మేరీ స్యూతనం ఉంటే తప్పేంలేదు, టెన్షన్ వద్దు.

అనుమానంగా ఉంటే సీన్‌లోంచి హీరోని తీసేసి చూడండి. మీ పాత్రకు ఇంకా ఏదైనా పని మిగిలిందా? అయితే నిలబడినట్టే. కథను ఆన్‌లైన్‌లో పోస్ట్ చేసేటప్పుడు ‘ఒరిజినల్ క్యారెక్టర్’ (రచయిత సొంతంగా సృష్టించిన పాత్ర) అని ట్యాగ్ పెట్టండి. వద్దనుకునేవాళ్లు దాటేస్తారు, కావాలనుకునేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు.