ఫోమ్ కవచం మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

సూపర్‌హీరో కవచానికి కొలతలు లోపల వేసుకునే బట్టల మీదే తీసుకోండి. ముందు అట్టతో నమూనా చేసి, తొడుక్కుని, కూర్చుని, చేతులెత్తి చూడండి.

– ఛాతీకి 10 మి.మీ. ఈవీఏ ఫోమ్ (తేలికైన, స్పాంజి లాంటి షీటు), మోచేతులకు 5 మి.మీ.

– మొద్దు బ్లేడు అంచును చింపేస్తుంది, వెంటనే మార్చండి.

– అసలు ప్రమాదం రబ్బరు జిగురుతోనే. దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది: పొయ్యి, దీపం, వేడి హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) దగ్గర్లో ఉండకూడదు. కిటికీలు తెరవండి. గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టేసే ఫిల్టరు) ఉన్న మాస్కే పెట్టుకోండి. రెండు అంచులకూ పల్చగా రాసి, వేలికి అంటనంత ఆరాకే కలపండి. తడిగా కలిపితే అతుకు విడిపోతుంది. అతుక్కున్నాక జరపలేరు, గుర్తులు ముందే గీసుకోండి.

– రంగుకు ముందు హీట్ గన్‌తో పైపొర బిగించకపోతే ఫోమ్ రంగును పీల్చేస్తుంది.

– హెల్మెట్‌కు గాలి రంధ్రాలు తప్పనిసరి.