నావిగేషన్‌లో స్పీడ్ లిమిట్ తప్పుగా చూపిస్తుంటే: నా అనుభవం

మా ఊరి దగ్గర హైవే మీద ఎర్ర గుండ్రంలో 60 అని బోర్డు ఉంది. ఫోన్‌లోని యాప్ మాత్రం అక్కడ 100 అనే చూపించేది, హెచ్చరిక మోగేది కాదు. బడి పిల్లలు రోడ్డు దాటే చోటు కాబట్టి నాకు అదే టెన్షన్.

జీపీఎస్ సెట్టింగులు మార్చాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను, ఫోన్ కూడా మార్చి చూశాను, ఏదీ పనిచేయలేదు.

అసలు ఇలాంటి యాప్ బోర్డును చూడదు. మనం ఏ రోడ్డు మీద ఉన్నామో జీపీఎస్‌తో పట్టుకుని, మ్యాపులో ఆ రోడ్డుకు రాసి ఉన్న అంకె చూపిస్తుంది. నా యాప్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది (జనమే కలిసి తయారుచేసే ఆన్‌లైన్ మ్యాపు), దాన్ని ఎవరైనా సరిచేయవచ్చు.

ముందు బండి పక్కన ఆపి బోర్డు ఫొటో తీశాను. ఇంటికొచ్చి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్‌లో అకౌంట్ తెరిచి, అక్కడి ఎడిటర్‌లో రోడ్డు గీతను సరిగ్గా బోర్డు ఉన్న బిందువు దగ్గర రెండుగా విడగొట్టాను. ఇదే కీలకం, విడగొట్టకుండా అంకె మారిస్తే మొత్తం గీతకూ 60 పడుతుంది. పరిమితి ముగిసే బోర్డు దగ్గర ఇంకోసారి విడగొట్టి, మధ్య ముక్కకు మాత్రమే మాక్స్‌స్పీడ్ (గరిష్ఠ వేగం) 60 అని రాశాను. డివైడర్ ఉన్న రోడ్డుకు రెండు వైపులకూ వేర్వేరు గీతలుంటాయి, అవతలి వైపు బోర్డు విడిగా చూసుకోవాలి. వేరే కంపెనీ మ్యాపు చూసి అంకె ఎక్కించకూడదు, లైసెన్స్ ఒప్పుకోదు.

తర్వాతి నెల ఆఫ్‌లైన్ మ్యాపు కొత్తది దించుకున్నాక 60 కనిపించింది, హెచ్చరికా మోగింది.

కెమెరాతో బోర్డులు చదివే కార్లకు, సొంత మ్యాపు వాడే కంపెనీలకు ఇది పనిచేయదు. ముందు మీ యాప్ మ్యాపు ఎవరిదో చూసుకోండి.